ఒప్పందం మధ్యలో ముగిసినా 26 వారాల ప్రసూతి జీతం: ఎక్కడ అడగాలి?

ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో ఒప్పందంపై పనిచేసే టీచర్ (సీఆర్టీ) తరఫున అడుగుతున్నాను. మొదటి కాన్పు. సెలవు 2025 ఫిబ్రవరి 10న మొదలైంది, కాన్పు మార్చి 14న. 26 వారాలు ఆగస్టు 10తో పూర్తయ్యాయి. చిక్కల్లా ఒప్పందంతోనే: అది ఏప్రిల్ 30తో ముగిసింది, ఆగస్టులో కొత్తది రాయించుకుని మళ్లీ విధుల్లోకి తీసుకున్నారు. ఏప్రిల్ వరకు జీతం పడింది. మిగతాదానికి "ఒప్పందం లేని కాలానికి జీతం ఉండదు" అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేశారు.

సెలవు నాటికి అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజన చట్టం సెక్షన్ 5(2) అడిగిన 80 పనిదినాలు దాటి చాలా ఉన్నాయి. హాజరు పట్టీ నకలు ఉంది. ఆ చట్టం సెక్షన్ 27 ప్రకారం దానికి విరుద్ధమైన ఒప్పంద షరతు చెల్లేది కాదు. 2023 ఆగస్టులో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, ఒప్పంద గడువు ముగిసినా ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనంది. తీర్పు ప్రతి జతచేసి జిల్లా కార్యాలయానికి అర్జీ పెట్టాం, రసీదు ఉంది, జవాబు మాత్రం అదే వాక్యం. ఆపిన డబ్బు ఇప్పించమని ఆ చట్టం సెక్షన్ 17 కింద ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వబోతే కార్మిక శాఖలో ప్రభుత్వ బడి తమ పరిధి కాదని నోటిమాటగా చెప్పి కాగితం తీసుకోలేదు. రాసిమ్మంటే అదీ ఇవ్వరు.

ఇలాంటి కేసులో సెక్షన్ 17 ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పంపి పట్టుబట్టడం మేలా, నేరుగా హైకోర్టులో రిట్ వేయడమా? ఏ దారిలో ఎవరికైనా డబ్బు చేతికొచ్చిందా?