అత్తమామలు ఆగస్టులో హెల్సింకీ వస్తున్నారు: భాష రాకపోయినా కూర్చోగలిగే కచేరీలు, సినిమాలు ఏమున్నాయి?

ఎస్పో కోడలు:
అందరికీ నమస్కారం. మేం హెల్సింకీ పక్కనే ఉన్న ఎస్పోలో, లెప్పావారాలో ఉంటాం. అత్తయ్యగారు, మావయ్యగారు ఆగస్టు మొదట్లో వస్తున్నారు, తొంభై రోజుల వీసా. సూమెన్‌లిన్నా కోట, మార్కెట్ స్క్వేర్, తెల్ల చర్చి చూపించడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఆ తర్వాత సీరియళ్ళు, బాల్కనీ తప్ప ఏముంటుందని ఇప్పటినుంచే నాకు టెన్షన్. మావయ్యగారికి సంగీతం అంటే ప్రాణం, త్యాగరాజ ఆరాధనకి ఏటా ముందు వరసలో కూర్చునే మనిషి. అత్తయ్యగారికి సినిమా ఉంటే చాలు. ఇద్దరికీ తెలుగు తప్ప రాదు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. అయిదుగురికీ టికెట్లంటే జేబు కూడా చూసుకోవాలి కదా. ఇక్కడి జనం వెళ్ళే కార్యక్రమాల్లో మాకు పనికొచ్చేవి చెప్పండి.

కల్లియో బ్రహ్మచారి:
అక్కా, సింపుల్. తెన్నిస్‌పలాత్సీ మల్టీప్లెక్స్‌లో ఏదైనా యానిమేషన్ బొమ్మకి తీసుకెళ్ళిపో. బాబు హ్యాపీ, పెద్దాళ్ళకి ఏసీ.

తాపియోలా అక్క:
తమ్ముడూ, నీకు పిల్లలు లేరని తెలిసిపోతోంది. ఇక్కడ పెద్దల సినిమాలకి డబ్బింగ్ ఉండదు, అసలు భాషలోనే వేసి కింద ఫిన్నిష్, స్వీడిష్ సబ్‌టైటిల్స్ ఇస్తారు. పిల్లల బొమ్మలకి మాత్రం ఎక్కువ షోలు ఫిన్నిష్ డబ్బింగే. అదే సినిమా ఇంగ్లీషులో వేసే షోలు విడిగా ఉంటాయి. టికెట్ కొనేముందు టైమ్ పక్కన ఏ భాష అని రాసుందో చూడాలి, లేకపోతే ఇంట్లో ఒక్క బాబుకే అర్థమవుతుంది.

కోడలు గారూ, మీరు మొదట వెళ్ళాల్సింది ఊడి లైబ్రరీకి. పార్లమెంటుకి ఎదురుగా, సెంట్రల్ స్టేషన్ నుంచి నాలుగడుగులు. 2018 డిసెంబర్‌లో తెరిచారు. లోపలికి వెళ్ళడానికి డబ్బులు అక్కర్లేదు, చిన్న కచేరీలు, పిల్లల కార్యక్రమాలు ఏవో ఒకటి జరుగుతూనే ఉంటాయి. కింది అంతస్తులోనే కినో రెజీనా అని ఒక థియేటర్ ఉంది. ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు నడుపుతారు, పాత సినిమాలు 35 ఎంఎం రీలు మీద కూడా వేస్తారు. దానికి టికెట్ ఉంటుంది. ప్రతి సినిమా వివరాల కింద సబ్‌టైటిల్స్ ఏ భాషలోనో రాస్తారు, కొన్నిటికి ఇంగ్లీషు, కొన్నిటికి ఫిన్నిష్.

అత్తయ్యగారికి ఇంగ్లీషు కూడా రాదు కాబట్టి, మూకీ సినిమాకి పక్కన ఎవరైనా లైవ్‌లో సంగీతం వాయించే ప్రదర్శన దొరికితే వదలకండి. మధ్యలో వచ్చే అక్షరాలు మీరు చెవిలో చెబితే సరిపోతుంది. మాటలు ఎక్కువున్న కుటుంబ కథలకి మాత్రం వద్దు. రెండు గంటలూ మీరు అనువాదం చేస్తూ కూర్చుంటే పక్క సీటువాళ్ళు తిరిగి చూస్తారు. ఏమీ అనరు, చూస్తారంతే, అదే ఎక్కువ.

ఎస్పో కోడలు:
థాంక్స్ అక్కా. సెప్టెంబర్‌లో పెద్ద ఫిల్మ్ ఫెస్టివల్ ఉందని మా ఆఫీసులో అన్నారు. బాబుని తీసుకెళ్ళొచ్చా?

తాపియోలా అక్క:
లవ్ అండ్ అనార్కీ గురించి చెప్పి ఉంటారు. 1988 నుంచి నడుస్తోంది. మనలాంటి వాళ్ళకి మంచిదే, ఎందుకంటే ఇంగ్లీషు కాని సినిమాలకి చాలావరకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఇస్తారు. కానీ బాబు సంగతి వేరు. ఈ దేశంలో వయసు లెక్క గట్టిగా చూస్తారు. 7, 12, 16, 18 అని అంకె వేస్తారు. 18 తప్ప మిగతావాటికి, పెద్దవాళ్ళు పక్కనుంటే మూడేళ్ళు తక్కువున్నా పంపిస్తారు. అంటే మీవాడు 12 అని ఉన్న సినిమాకి మీతో కలిసి సరిగ్గా సరిపోతాడు, 16కి కుదరదు. అసలు మెలిక ఎక్కడంటే, వర్గీకరణ చేయించని సినిమాని 18 కిందే వేయాలి. ఫెస్టివల్‌కి ఒకటి రెండు షోల కోసం తెచ్చే బొమ్మలకి చాలాసార్లు ఆ పని చేయించరు. కథ ఎంత సాత్వికంగా ఉన్నా అంకె 18 ఉంటే బాబుని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. కాబట్టి ముందు అంకె, తర్వాత భాష, ఆ తర్వాతే పోస్టర్.

వంతా మాస్టారు:
ఆలస్యంగా చూశాను. సినిమా సంగతి అక్కయ్య చెప్పేశారు, నేను సంగీతం సంగతి చెబుతాను. నా మాటగా చెప్పాలంటే మీ మావయ్యగారి మీదే ఎక్కువ దృష్టి పెట్టండి, ఆయనకి ఈ ఊళ్ళో దొరికినంత వేరే ఎవరికీ దొరకదు.

ఊడి పక్కనే మూసిక్కితాలో అనే సంగీత భవనం ఉంది, 2011లో కట్టారు. హెల్సింకీ ఫిల్‌హార్మోనిక్, రేడియో సింఫనీ అనే రెండు ఆర్కెస్ట్రాలు, సిబేలియస్ అకాడమీ అనే సంగీత కళాశాల, మూడూ అక్కడే. చాలామంది మనవాళ్ళు పెద్ద హాలు టికెట్ ధర చూసి వెనక్కి వచ్చేస్తారు. అదే భవనంలో సోనోరే, కమెరాతా, ఆర్గానో లాంటి చిన్న హాళ్ళు ఉన్నాయి. అకాడమీ విద్యార్థులు తమ పరీక్ష కచేరీలు అక్కడ ఇస్తారు, చాలావాటికి ప్రవేశం ఉచితం. విద్యార్థులు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఏళ్ళ తరబడి సాధన చేసి డిగ్రీ కోసం వాయించే కచేరీ అది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా టర్మ్ నడుస్తుంది కాబట్టి మీ వాళ్ళున్న రోజులకి బాగా కుదురుతుంది.

ఆ అకాడమీలో జానపద సంగీతానికి 1983 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. వాళ్ళ కచేరీల్లో కాంతెలె వాయిస్తారు. ఒళ్ళో పెట్టుకునో బల్ల మీద పెట్టో వేళ్ళతో మీటే తంత్రీవాద్యం, చూడగానే మన స్వరమండలం గుర్తొస్తుంది. చిన్నవాటికి అయిదు తీగలే ఉంటాయి, కచేరీకి వాడే పెద్దవాటికి ముప్ఫై పైచిలుకు. మావయ్యగారిని ముందు దానికే తీసుకెళ్ళండి, సింఫనీకి కాదు. గంటలో అయిపోతుంది, నచ్చకపోయినా నష్టం లేదు.

పెద్ద హాలు చూపించాలనిపిస్తే ఒక కిటుకు. సీట్లు వేదిక చుట్టూ ఉంటాయి, ఆర్కెస్ట్రా వెనక కూడా. ఆ వెనక సీట్లకి తరచూ ధర తక్కువ. అక్కడ కూర్చుంటే కండక్టర్, అంటే చేతులు ఊపుతూ ఆర్కెస్ట్రాని నడిపించే ఆయన ముఖం మనకి ఎదురుగా ఉంటుంది. ఎవరిని రమ్మంటున్నాడో, ఎవరిని తగ్గమంటున్నాడో కళ్ళతోనే తెలిసిపోతుంది, పిల్లలకి విసుగు రాదు. 2024 జనవరిలో అక్కడ కొత్త పైప్ ఆర్గాన్ కూడా మొదలైంది. దానికోసం కైయా సారియాహో అనే స్వరకర్త పది లక్షల యూరోలు ఇచ్చారు, పాపం అది మోగకముందే, 2023లో పోయారు.

వెళ్ళేముందు ఇంట్లో ఒకసారి యూలే అరేనా, అదే ఇక్కడి ప్రభుత్వ టీవీ, రేడియో వాళ్ళ ఆన్‌లైన్ సర్వీసు, పెట్టి చూడండి. రేడియో సింఫనీ కచేరీలు అందులో ఉచితంగా వస్తాయి. మావయ్యగారు అరగంట కదలకుండా కూర్చుంటే టికెట్ కొనండి.

ఎస్పో కోడలు:
మాస్టారూ, ఇంత వివరంగా చెప్పారు, చాలా థాంక్సండీ. ఒక సందేహం. మావయ్యగారికి బాగుంటే "ఆహా", "భళా" అనడం, తాళం వేయడం అలవాటు. అక్కడ ఏమైనా అంటారా?

వంతా మాస్టారు:
తొడ మీద నిశ్శబ్దంగా తాళం వేసుకోవచ్చు, శబ్దం వద్దు. ఒక సింఫనీలో మూడు నాలుగు భాగాలుంటాయి, మధ్యలో ఆగినప్పుడు చప్పట్లు కొట్టరు, మొత్తం అయ్యాకే. ఎప్పుడు అయిందో తెలియకపోతే ముందు పక్కవాళ్ళు మొదలుపెట్టనివ్వండి. ఏడింటికి అంటే ఏడింటికే తలుపులు వేసేస్తారు, ఆలస్యమైతే ఒక రచన పూర్తయ్యేదాకా బయటే. కోట్లు, బ్యాక్‌ప్యాకులు నారిక్కాలో, అంటే సామాన్లు దాచిపెట్టే కౌంటర్లో ఇచ్చేయాలి. అత్తయ్యగారికి చలి కాబట్టి లోపల ఒక శాలువా కప్పుకుని వెళ్ళమనండి.

ఇంకోటి, ఇంటర్వెల్లో బల్లల మీద కాఫీలు, కేకులు ఒక్కో చీటీతో సర్ది ఉంటాయి, పక్కన ఎవరూ ఉండరు. అవి అందరికీ పెట్టినవి కాదు. కచేరీకి ముందే డబ్బు కట్టి చెప్పుకున్నవాళ్ళవి. పెద్దాయన అభిమానంగా ఒకటి తీసేసుకుంటారేమో, ముందే చెప్పి ఉంచండి.

కల్లియో బ్రహ్మచారి:
హహ, మాస్టారూ, ఆ కాఫీ మీద నాకు ఎప్పటినుంచో కన్నుంది. అక్కా, ఈసారి పనికొచ్చేది చెబుతా. ఆగస్టు మధ్యలో తైతెయిదెన్ యో అని కళల రాత్రి ఉంటుంది, సాధారణంగా గురువారం. 1989లో మొదలైంది. మ్యూజియాలు, లైబ్రరీలు, చర్చిలు, పార్కులు, వీధులు, ఎక్కడ చూసినా ఏదో ఒకటి, దాదాపు అన్నీ ఉచితమే. మీ వాళ్ళు వచ్చిన కొత్తల్లోనే పడుతుంది. తొమ్మిదిదాకా వెలుతురు, తర్వాత చలి గాలి. అన్నీ చూడాలని పరిగెత్తకుండా ఒక పార్కు, ఒక చర్చి అనుకుని వెళ్ళండి.

తాపియోలా అక్క:
అవును, పెద్దవాళ్ళని నడిపించి నడిపించి చంపకండి. ఆ చర్చి తెంపెలిఔకియో అయితే ఇంకా మంచిది. బండరాయిని తొలిచి 1969లో కట్టారు, పైన రాగి కప్పు, లోపల గోడలు రాయే. కచేరీలు జరుగుతూనే ఉంటాయి.

నోకియా నుంచి బయటపడ్డవాడు:
ఒక చిన్న విషయం కలుపుతున్నాను. ఉద్యోగం లేనివాళ్ళు, విద్యార్థులు టికెట్ కొనేటప్పుడు రాయితీ వరస ఉందేమో చూడండి, చాలాచోట్ల ఉంటుంది. చేతిలో డబ్బు బాగా ఇబ్బందిగా ఉంటే కైకుకోర్తి అని ఒక కార్డు ఉంది, ఎస్పోలోనే 2015లో మొదలైంది. సామాజిక సేవలవాళ్ళ దగ్గర అడగాలి. అది ఉంటే ఒప్పందమున్న థియేటర్లు, కచేరీలు, మ్యూజియాలకి ఉచిత టికెట్లు, పిల్లలకి కూడా. అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. పడకండి.

ఎస్పో కోడలు:
ఇది మా స్నేహితురాలికి పంపిస్తున్నాను అన్నా, తనకి కావాలి. చివరిగా ఒకటి, మేం కారు తియ్యాలా, రైల్లో వెళ్ళొచ్చా?

వంతా మాస్టారు:
రైలే. లెప్పావారా బి జోన్, హెల్సింకీ సెంటర్ ఏ జోన్, కాబట్టి ఏబీ టికెట్ చాలు, బాబుకి పిల్లల టికెట్. స్టేషన్‌లో దిగితే ఊడి, మూసిక్కితాలో రెండూ నడిచే దూరమే. సెంటర్లో పార్కింగ్ డబ్బులతో ఇంకో ఇంటర్వెల్ కాఫీ వస్తుంది, బ్రహ్మచారికి ఇప్పించండి.