సమస్యాపూరణం: అక్టోబరు 1, కర్నూలు

కర్నూలు నుంచి (నిర్వహణ):

ఈ వారం పద్యాలకు తీసుకున్న రోజు అక్టోబరు 1. 1953లో ఆ రోజున కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 11 జిల్లాలు. ప్రారంభించినవారు ప్రధాని నెహ్రూ. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం, ఉపముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లా ఇల్లూరువారైన నీలం సంజీవరెడ్డి, గవర్నరు చందూలాల్ త్రివేది. ఊళ్ళో అన్ని ప్రభుత్వ కచేరీలకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. 1956 అక్టోబరు 31 వరకు, అంటే మూడేళ్ళ ఒక నెల, ఇదే రాజధాని. అనీ బిసెంట్ పుట్టింది (1847), అల్లు రామలింగయ్య పుట్టింది (1922) కూడా అక్టోబరు ఒకటినే. కావాలంటే వాళ్ళనూ పద్యంలోకి తేవచ్చు.

సమస్య (ఇది పద్యంలో నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు రాయాలి):

*గుడ్డపాకలె కర్నూలు కోటలయ్యె*

తేటగీతి, అంటే పాదానికి వరసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. గల, భ, త లాంటివి గురులఘువుల వరసలకు (గణాలకు) పేర్లు. గుడ్డ (గల), పాకలె (భ), కర్నూలు (త), కోట (గల), లయ్యె (గల). నాలుగో గణం మొదటి అక్షరం యతి, పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి ఉండాలి: గు–కో. క, గ ఒకే వర్గం. ఉ, ఓ మైత్రి ఉంది. 'గుడారాలు' అనకుండా 'గుడ్డపాకలు' అనడానికి కారణం, గుడారం లఘువు–గురువుతో మొదలవుతుంది. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ అలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. కాబట్టి ఆ మాట ఏ గణానికీ మొదట నిలవదు.

కొత్తవాళ్ళకు ఒక్క మాట. ముందు మూడో పాదం రాయండి. సమస్యలో వింతగా కనబడేదానికి కారణమంతా అక్కడే ఉండాలి. మొదటి రెండు పాదాలు తర్వాత తేలిగ్గా వస్తాయి. పైనుంచి రాసుకుంటూ వస్తే మూడో పాదం దగ్గర చోటు చాలక, 'అచట', 'మిగుల', 'చక్కగ' లాంటి మాటలతో గణాలు నింపాల్సి వస్తుంది.

నంద్యాల నుంచి:

నాటి యక్టోబరొకటిన నవ్యరాష్ట్ర
జన్మసభ సాగె నెహ్రూయె సాక్షి గాగ
కొలువు దీరగ గదులేవి? కొరత కతన
గుడ్డపాకలె కర్నూలు కోటలయ్యె

కర్నూలు నుంచి:

అన్నా, అన్వయం (పాదాల అర్థం ఒకదానితో ఒకటి కలవడం) హాయిగా ఉంది. మూడో పాదంలో ప్రశ్న వేసి, నాలుగో పాదాన్ని జవాబుగా పెట్టారు. ఈ సమస్యకు అది చక్కటి దారి. 'అక్టోబరొకటిన' మాటను 'యక్టోబ' తగణం, 'రొకటిన' నలం (నాలుగు లఘువులు) అని విరవడం అందరూ గమనించండి, తేదీల పద్యాలకు పదేపదే పనికొస్తుంది. రెండో పాదంలో జ–సా యతి సరైనదే. చ, జలకు శ, ష, సలతో మైత్రి ఉంది. 'నెహ్రూయె'లో 'యె' మాత్రం గణం కోసం వచ్చింది. ఆయన ఒక్కడే సాక్షి అని కదా అర్థం వస్తుంది! 'నెహ్రూజి సాక్షి గాగ' అంటే గణం అదే, అర్థం నిలుస్తుంది.

కడప జిల్లా, ప్రొద్దుటూరు నుంచి:

ముఖ్యమంత్రి ప్రకాశం పంతులచట
ముదిమి లెక్కింపకే పీఠమునకు వచ్చె
కొండరెడ్డి బురుజు నీడ కొలువు దీర్చ
గుడ్డపాకలె కర్నూలు కోటలయ్యె

కర్నూలు నుంచి:

రెండు, మూడు పాదాలకు చేయి పెట్టక్కర్లేదు. కొండారెడ్డి బురుజు పేరు 'కొండరెడ్డి బురుజు' అని హ్రస్వం చేస్తేనే ఇక్కడ ఒదుగుతుంది: కొండ / రెడ్డిబు / రుజునీడ. వాడుకలో రెండు రూపాలూ ఉన్నాయి, ఇబ్బంది లేదు. కోటలో మిగిలిన బురుజు నీడలో గుడ్డ కోట అని పోల్చడం ఈ పద్యానికి ప్రాణం.

చిక్కంతా మొదటి పాదంలో. ముఖ్య (గల), మంత్రిప్ర వరకు ఎలా చూసినా సరే. 'త్రి'ని గురువనుకుంటే తగణం, లఘువనుకుంటే భగణం. తర్వాత 'కాశంపం' మూడూ గురువులే. మగణానికి తేటగీతిలో చోటు లేదు. ఆపైన 'తులచ' నగణం పోగా చివర 'ట' ఒంటరిగా మిగిలింది. యతి కూడా ము–తు, కుదరలేదు.

ఇది ఆయన పేరుతోనే వచ్చే ఇబ్బంది. 'ప్రకాశ' కూడా లఘువు–గురువుతో మొదలయ్యే మాట. ముందు గణంలోంచి లాక్కుని రావాలి: టంగు / టూరిప్ర / కాశుడే అన్నట్టు. 'బిసెంటు' అనే పేరుదీ ఇదే సంగతి, అది జగణం (లఘువు–గురువు–లఘువు). కందం అనే పద్యంలో సరిస్థానంలో (రెండు, నాలుగు లాంటి సరి గణాల్లో) చక్కగా కూర్చుంటుంది, తేటగీతిలో గణం మొదట నిలవదు. అల్లు రామలింగయ్య పేరు చూడండి, అల్లు / రామలిం / గయ్య అని దానంతట అదే తేటగీతి నడకలో ఉంది.

అనంతపురం నుంచి:

సార్, ప్రకాశం గారికి 'ఆంధ్రకేసరి' ఉండగా తిప్పలెందుకు? ఆంధ్ర గలం, కేసరి భగణం. ఆయన పుట్టింది 1872 ఆగస్టు 23న, అంటే ఆ రోజుకు 81 నిండాయి. రెండో పాదంలో ముదిమి మాట ఉంది కాబట్టి వయసు ముందే చెబితే అది బలపడుతుంది:

ఆంధ్రకేసరి యెనుబది యైన పిదప

యతి ఆ–యై. 'యై'లో అచ్చు ఐ, దానికి ఆ తో మైత్రి ఉంది.

కర్నూలు నుంచి:

బాగుంది. ఈ సవరణతో ప్రొద్దుటూరు పద్యం నిలబడింది. 'పంతులచట'లోని 'అచట' కూడా పోయింది, అదీ ఒక లాభమే.

ఆదోని నుంచి:

ఆదవోనియు నాలూరు హద్దు దాటి
రాయదుర్గము తోడుగ రాగ మనకు
మరలె బళ్ళారి మైసూరు మార్గమందు
గుడ్డపాకలె కర్నూలు కోటలయ్యె

కర్నూలు నుంచి:

ఈ సంగతి ఎవరైనా తెస్తారని ఎదురుచూస్తున్నాను. బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిసింది, మిగిలిన బళ్ళారి మైసూరుకు పోయింది, రెండూ 1953 అక్టోబరు 1నే. అక్టోబరు ఒకటి అంటే మొదట గుర్తుకు రావాల్సిన వాటిలో ఇదొకటి. ఛందస్సులో తప్పు లేదు. ఆ–హ యతి చెల్లుతుంది.

కానీ అన్వయం మూడో పాదం దగ్గర తెగిపోయింది. బళ్ళారి మైసూరుకు మరలితే కర్నూల్లో డేరాలెందుకు లేచాయి? కారణం లేదు. మూడు పాదాలు ఒక వార్త, నాలుగోది వేరే వార్త. పద్యంలో ఎంత మంచి సమాచారం ఉన్నా పూరణ కాదిది.

ఆదోని నుంచి:

ఒప్పుకుంటున్నాను సార్. మూడో పాదం ఇలా మార్చాను:

కొత్త తాలూకలకు కూడ కొలువు లేక

కర్నూలు నుంచి:

గణాలు, యతి సరే. విషయం తప్పు. తాలూకా కచేరీలు ఆయా ఊళ్ళలోనే ఉంటాయి, వాటి కోసం కర్నూల్లో డేరాలు అక్కర్లేదు. డేరాలు రాష్ట్రస్థాయి కచేరీలకు, ఉద్యోగులకు. ఇలా అయితే ఎలా ఉంటుందో చూడండి:

పటము మారిన దినమున భవనమేది?

పటము (న), మారిన (భ), దినమున (నల), భవన (న), మేది (గల). యతి ప–భ. దేశపటం మారిందని మీ మొదటి రెండు పాదాలు చెప్పాయి. ఇది వాటిని అందుకుని సమస్యకు అప్పజెబుతుంది. బళ్ళారిని వదలాల్సి వచ్చింది, దానికి విడిగా ఒక పద్యం రాయండి. విషయం అంత పెద్దది.

కడప నుంచి:

పొట్టి శ్రీరాములసువులఁ బోసినట్టి
రాష్ట్రమునకయ్యెఁ గర్నూలు రాజధాని
శిలల మేడల కంటెను జెప్పుకొనఁగ
గుడ్డపాకలె కర్నూలు కోటలయ్యె

నంద్యాల నుంచి:

అక్కా, 'పొట్టి'లో 'ట్టి' తర్వాత 'శ్రీ' సంయుక్తాక్షరం కదా, గురువు కాదా?

కర్నూలు నుంచి:

ఇక్కడ కాదు. 'పొట్టి' తెలుగు మాట, ఇంటిపేరు. విడిపదం తర్వాత సంయుక్తాక్షరం వచ్చినా దాన్ని లఘువుగానే ఉంచవచ్చు. సంస్కృత సమాసం లోపలైతే తప్పకుండా గురువు అవుతుంది. కాబట్టి పొట్టి / శ్రీరాము / లసువుల / బోసి / నట్టి, యతి పొ–బో, అన్నీ సరే.

భావం ఎత్తు ఈ పూరణదే. మిగతావాళ్ళందరూ డేరాలకు కారణం చెప్పారు. అక్క డేరానే నిజమైన కోట అన్నారు. 1952 డిసెంబరు 15న 58 రోజుల దీక్ష ప్రాణత్యాగంతో ముగిసింది, ఆ రాష్ట్రానికి తొలి గోడ గుడ్డ గోడ. అరసున్నలు, సరళాదేశాలు (క, ప లాంటివి గ, బ లుగా మారడం) కూడా శుద్ధంగా వేశారు. లోపం ఒకటే, రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ 'కర్నూలు'. సమస్యలో ఉన్న ముఖ్యమైన మాట పైపాదాల్లో వాడితే చివరికి దాని కొత్తదనం పోతుంది.

కడప నుంచి:

నిజమే. 'రాష్ట్రమునకిది తొలినాటి రాజధాని' అంటాను. 'మునకిది' నలం, 'తొలినాటి' సలం (రెండు లఘువులు, గురువు, లఘువు).

కర్నూలు నుంచి:

సరిగ్గా కుదిరింది. ఒక పూరణలో 'కర్నూల హైకోర్టు' అని వచ్చింది, దాన్ని తీసుకోలేదు. ఆంధ్రరాష్ట్ర హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. ఛందస్సు కుదిరిందని చరిత్రను వదిలితే తేదీ మీద పద్యం రాసి ఫలితం లేదు.

ఇక రెండో సమస్య, కందం. ఊరి పేరు మీద:

*కందెనయే పేరు పెట్టె కర్నూలునకున్*

కందెన (భ), యేపే (గగ), రుపెట్టె (జ), కర్నూ (గగ), లునకున్ (స). రెండు, నాలుగు పాదాల్లో మూడో గణం జగణమో నలమో కావాలి, ఇక్కడ జగణం ఉంది. యతి కం–క. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, సున్నతో కూడిన ద. ఊరి పాత పేరు కందెనవోలు. అలంపురం గుడులకు రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని మనవాళ్ళు చెప్పుకునే కథ.

ప్రొద్దుటూరు నుంచి:

బండ్లను తుంగను దాటగ
నందరు నిరుసులను గాంచి యాగిరి యచటన్
చిందక పూసిరి దట్టము
కందెనయే పేరు పెట్టె కర్నూలునకున్

కర్నూలు నుంచి:

మొదటి పాదంలో ప్రాస తప్పింది. 'బండ్ల'లో సున్న తర్వాత డ్ల, మిగతా మూడింటిలో ద. సున్న ఉంటే చాలదు, దాని తర్వాతి హల్లూ ఒకటే కావాలి. ఇక్కడ 'హంద్రి' అని పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, నది మన ఊళ్ళోనే ఉంది కాబట్టి. అదీ కుదరదు, ద్ర వేరు, ద వేరు. తుంగభద్రను పూర్తిగా రాయాలంటే 'తుం' ఒక గణం చివర, 'గభద్ర' జగణంగా తర్వాతి సరిగణంలో పడాలి: మనతుం / గభద్ర అన్నట్టు. మీరు 'తుంగ' అని కుదించడం కూడా ఒప్పే.

'గాంచి', 'అచటన్' రెండూ నింపుడు మాటలు. 'పూసిరి' దగ్గర వాక్యం అయిపోయింది. కందెన పూయడానికీ పేరుకూ మధ్య ముడి చదివేవాడు వేసుకోవాల్సి వస్తోంది. క్రియను విశేషణం చేస్తే ముడి పడుతుంది: పూసిన కందెన.

కడప నుంచి:

ఆ సూచన పట్టుకుని:

అందపు టలంపురి గుడుల
కందింపఁగ రాలు దెచ్చి యాగిన బండ్లన్
బొందుగ నిరుసులఁ బూసిన
కందెనయే పేరు పెట్టె కర్నూలునకున్

కర్నూలు నుంచి:

నాలుగు పాదాలూ ఒకే వాక్యం. 'టలంపు' జగణం రెండో గణంలో ఉంది, అది చెల్లే చోటే. బేసి గణంలో పడితే కందం చెడిపోయేది. రెండో పాదంలో 'గుడులకు + అందింపగ' సంధి కాబట్టి యతి చూడాల్సింది కకారాన్ని కాదు, అకారాన్ని. 'ఆగిన'తో అది సరిపోయింది. చాలామంది ఇక్కడే క–కా అని చూసుకుని పొరబడతారు. 'పూసిన' అనడంవల్ల ఇంకో మేలు. 'పూయఁగ' అని ఉంటే సరళాదేశం వచ్చి సమస్య 'గందెనయే' అయ్యేది. ఇచ్చిన పాదం మొదటి అక్షరం మారకుండా కాపాడారు.

నంద్యాల నుంచి:

సార్, శ్రీబాగ్ ఒడంబడిక కూడా ఈ తేదీకి చేర్చవచ్చా?

కర్నూలు నుంచి:

కాదన్నా, అది 1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంటి పేరు శ్రీబాగ్. రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చన్నది అక్కడి మాట, కర్నూలు రాజధాని కావడానికి మూలం అదే. దానికి విడిగా సమస్య ఇస్తున్నాను, మన సీమ మాటలోనే, తేటగీతి:

*పట్నమందున సీమకు పందిరేసె*

పట్నం అంటే మద్రాసు. యతి ప–ప. పందిరి ఎవరు వేశారో మూడో పాదంలో తేల్చండి.