అప్‌డేట్: ఒరెగానో క్యాప్సూల్స్, ఇనులిన్ పొడి, కడుపుబ్బరం (కారణం దొరికింది)

రెండు నెలల కిందట అడిగాను కదా, యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక చెడు బ్యాక్టీరియా పోవాలని ఒరెగానో నూనె క్యాప్సూల్స్, మంచివి పెరగాలని ఇనులిన్ (ఒక రకం పీచు) పొడి ఒకేసారి మొదలుపెడితే పొట్ట డోలులా ఉబ్బిపోతోంది, క్యాప్సూల్స్ మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తున్నాయా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రెండూ ఆపేసి ఒక్కోటి విడిగా మొదలుపెట్టమన్న సలహానే పనిచేసింది.

ఆపిన నాలుగో రోజుకే పొట్ట మామూలైంది. గ్యాస్ట్రో డాక్టర్‌ని కలిస్తే ఆయన మొదట అడిగింది ఇనులిన్ ఎంత వేసుకుంటున్నారని. రోజుకు రెండు పెద్ద చెంచాలు అన్నాను, ఇంటికొచ్చి తూచి చూస్తే 15 గ్రాములు! అది చిన్నపేగులో అరగదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి, బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా పెరిగేదీ అందుకే, గ్యాస్ వచ్చేదీ అందుకే. ఇప్పుడు 2 గ్రాములతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుతూ 5 దగ్గర ఆగాను. ఇబ్బందేమీ లేదు.

ఒరెగానో మీద నా అనుమానం మరీ తప్పేం కాదు. అందులోని కార్వక్రాల్ అనే పదార్థం బ్యాక్టీరియా కణపొరను దెబ్బతీస్తుంది, దానికి మంచీ చెడూ తేడా తెలియదు. అయితే ల్యాబ్‌లో గాజుపళ్లెంలో చంపినంత మాత్రాన పేగులోనూ అంతే జరుగుతుందని కాదట. డాక్టర్ అవసరం లేదన్నారు, మళ్లీ ముట్టుకోలేదు.

ఇక పనికిరానివి: నేను టెన్షన్‌తో చేయించుకున్న మైక్రోబయోమ్ (పేగులోని బ్యాక్టీరియా) టెస్ట్. రంగురంగుల గ్రాఫులన్నీ ఆయన అర నిమిషంలో తిరగేసి పక్కన పెట్టేశారు. పాలు మానేయడం కూడా వృథానే, మళ్లీ తాగుతున్నా.