నవ్వించే ఎపిసోడ్ వస్తే కథలో టెన్షన్ పోతుందా?

గోదారిగట్టు:
మా తమ్ముడితో కలిసి 1966 నాటి అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ మొదటినుంచి చూస్తున్నాను. మొదటి సీజన్ చివర్లో, కాపాడే వీలున్నా ఓడ కెప్టెన్ కిర్క్ తాను ప్రేమించిన ఈడిత్ కీలర్‌ని చావుకి వదిలేస్తాడు. అది చూశాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. రెండో సీజన్‌లో ‘ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ రాగానే వాడు రిమోట్ అందుకుని, "అక్కా, ఇది ఉత్త కామెడీ, దాటేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ గొడవే ఇక్కడికి తెచ్చాను.

ఆ ఎపిసోడ్‌లో కథని నడిపేదే నవ్వు అంటాను నేను. చూడనివాళ్ల కోసం: ట్రిబుల్స్ అంటే చేతిలో ఇమిడే బొచ్చు ఉండలు. తిండి దొరికితే చాలు, పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. ఓడంతా నిండిపోయి, ఇంకో గ్రహానికి పంపాల్సిన ధాన్యంలోకి దూరతాయి. కిర్క్ ధాన్యం కొట్టు తెరవగానే గుట్టలుగా అతని నెత్తిన పడతాయి. మొత్తం 17,71,561 అని కిర్క్ సహాయాధికారి స్పాక్ లెక్క చెబుతాడు. ఒక్క ట్రిబుల్, 12 గంటలకోసారి ఈతకి పది పిల్లలు, మూడు రోజులు. ప్రతి ఈతకీ ఒక్కోటి పదకొండవుతుంది, అలా ఆరుసార్లు. ఆరు పదకొండ్లు గుణించి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. నవ్వించే సీన్‌లో కూడా రచయిత డేవిడ్ గెరాల్డ్ లెక్క తప్పనివ్వలేదు! ఆ గుట్టలో చాలావాటికి ప్రాణం లేదని చూశాకే ధాన్యంలో విషం ఉందన్న సంగతి బయటపడుతుంది. మనిషి వేషంలో ఉన్న శత్రుజాతి క్లింగాన్ల గూఢచారిని కీచుమని అరిచి పట్టించేవీ అవే. వాటిని తీసేస్తే కథే లేదు.

కక్ష్య17:
గోదారిగట్టు గారూ, అల్లిక బాగుందని నేనూ ఒప్పుకుంటాను. నా బాధ క్లింగాన్ల గురించి. ఇదే సీరియల్లో 1967 మార్చిలో వచ్చిన ‘ఎరండ్ ఆఫ్ మెర్సీ’ చూడండి. ఒక గ్రహాన్ని ఆక్రమించి, 200 మంది బందీలను చంపమని వాళ్ల కమాండర్ కోర్ ఆజ్ఞ ఇస్తాడు. ఆ డిసెంబరులో ట్రిబుల్స్ ఎపిసోడ్ వచ్చేసరికి అదే జాతి బార్‌లో కిర్క్ ఓడ ఇంజనీరు స్కాటీతో తన్నులాటకి దిగే గుంపుగా మిగిలింది. ఒకసారి కడుపారా నవ్వుకున్న శత్రువుని చూసి మళ్లీ ఎలా భయపడతాం? చివర్లో ట్రిబుల్స్ అన్నిటినీ క్లింగాన్ ఓడలోకి పంపేశానని స్కాటీ చెబితే అందరూ నవ్వుతారు. అక్కడ వాటి గతి ఏమిటని ఎవరూ అడగరు. డ్రామాలో అయితే తప్పకుండా అడిగేవాళ్లు.

నైట్‌షిఫ్ట్:
ఎక్స్ ఫైల్స్ సీరియల్లో 1995 నాటి ‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’ సంగతేమిటి మరి? బ్రక్‌మన్ ఇన్సూరెన్స్ ఏజెంట్. ఎవరు ఎలా పోతారో అతనికి ముందే కనిపిస్తుంది. ఆ శక్తితో ఎన్ని నవ్వులు పుట్టించారో! కానీ చివర్లో, ఆ కేసు చూస్తున్న ఎఫ్‌బీఐ ఏజెంట్ స్కల్లీ అతని గదికి వెళ్లేసరికి అతను ప్రాణం తీసుకుని ఉంటాడు. ఆమె మంచం మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంటుంది. గంటసేపు మనల్ని నవ్వించాడు కాబట్టే ఆ చెయ్యి మనమూ పట్టుకున్నట్టు ఉంటుంది. రాసిన డారిన్ మోర్గన్‌కీ, నటించిన పీటర్ బాయిల్‌కీ ఇద్దరికీ టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది.

తందాన:
నాకు బుర్రకథ గుర్తొస్తోంది. కథకుడికి ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత. మా ఊళ్లో బొబ్బిలి కథ చెప్పినప్పుడు యుద్ధం మధ్యలో కూడా హాస్యం వంత మాట విసిరేవాడు, జనం గొల్లుమనేవాళ్లు. కోటలో ఆడవాళ్ల ఘట్టం రాగానే గొంతు తగ్గించి ‘తందాన’ మాత్రం అనేవాడు. ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. మన సినిమాల్లో విడిగా తీసి అతికించే కామెడీ ట్రాక్‌కి అది తెలియదు, ఎందుకంటే ఆ ట్రాక్‌లో ఉన్నవాళ్లకి అసలు కథ ఏమవుతోందో పట్టదు.

గోదారిగట్టు:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే. కక్ష్య17 గారూ, వాటి గతి ఏమిటన్న మీ ప్రశ్నకి జవాబు 1996లో, తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ డీప్ స్పేస్ నైన్ ఇచ్చింది. ‘ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్’లో తనూ క్లింగాన్ అయిన వోర్ఫ్ చెబుతాడు: క్లింగాన్లు వందల మంది యోధులను పంపి ట్రిబుల్స్‌ని వేటాడారట, వాటి సొంత గ్రహాన్నే నాశనం చేశారట. అదీ కామెడీ ఎపిసోడే. అంటే ఆ ప్రశ్న కామెడీ కూడా అడగగలదు.

కక్ష్య17:
అడిగింది, కానీ ఎలా అడిగింది? ఒక జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని వోర్ఫ్ చెబుతుంటే పక్కనున్న సహచరుడు ఓడో వెటకారం చేస్తాడు, మనం నవ్వుతాం. నాకు అక్కడే మింగుడు పడదు.

తందాన గారు చెప్పిన ఆ ఆగడం నేను స్టార్‌గేట్ ఎస్‌జీ-1 అనే సీరియల్లో చూశాను. 2000లో వచ్చిన ‘విండో ఆఫ్ ఆపర్చునిటీ’. ఒకే పది గంటలు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటాయి. ఆ సంగతి హీరోల బృందంలో ఓనీల్‌కీ టీల్క్‌కీ మాత్రమే గుర్తుంటుంది. విసిగిపోయి, వేరే గ్రహాలకి దారితీసే స్టార్‌గేట్‌లోకి గోల్ఫ్ బంతులు కొడతారు, నేనూ పడిపడి నవ్వాను. ఇదంతా నడిపిస్తున్న మలకై, చనిపోయిన భార్యని మళ్లీ చూసుకోవాలని తపిస్తున్నాడని చివర్లో తెలుస్తుంది. ఓనీల్ కూడా కొడుకుని పోగొట్టుకున్నవాడే. ఆ బాధ మళ్లీ పడలేనని అతనితో అంటాడు. అప్పటిదాకా అంత నవ్వించిన మనిషి అక్కడ ఒక్క జోకూ వేయడు.

ట్రిబుల్స్‌కి అలాంటి ఒక్క నిమిషం కూడా దక్కలేదు.