పోటు, పాటు, ప్రవాహం: మూడూ ఒకటేనా?

ప్రశ్న: "వ్యాపారంలో ఆటుపోట్లు" అని పత్రికల్లో చదువుతూ పెరిగినవాడిని. మొన్న కళింగపట్నంలో, వంశధార మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర, ఒక పెద్దాయన "పోటు మీద లోపలికి రావాల, పాటు మీదొస్తే పడవ తిరగబడిపోతాది బాబూ" అన్నారు. ఇంతకీ అది ఆటా, పాటా? ఈ పోటుకూ వెన్నుపోటుకూ చుట్టరికం ఉందా?

సమాధానం: ఉంది. "పొడుచు" అనే క్రియ నుంచి వచ్చినదే పోటు. అయితే పొడవడమంటే గుచ్చడం ఒక్కటే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం కదా. నీరు పైకి లేస్తే పోటు, దిగిపోతే పాటు. "పడు" నుంచి పాటు ఏర్పడిందనుకుంటే ఆ పెద్దాయన మాటలోని జత చక్కగా కుదురుతుంది. పుస్తకాల్లో స్థిరపడినది మాత్రం ఆటు.

ఆయన హెచ్చరికలో శాస్త్రం ఉంది. పాటు సమయంలో ఏటి నీరూ, దిగుతున్న సముద్రపు నీరూ కలిసి మొగలోంచి బయటికి ఉరుకుతాయి. ఎదురుగా వచ్చే కెరటాలు ఆ ఉరవడికి తగిలి నిటారుగా లేచి, లోతు తక్కువగా ఉన్న ఇసుక మేట మీద విరిగిపడతాయి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. రెండు పోట్ల నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు ఉదయం 6 గంటలకు పోటు వస్తే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఎత్తుపల్లాల తేడా ఎక్కువ, అష్టమి నాడు తక్కువ. పంచాంగం చూసేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సభ్యుడు: పై వివరణకు ఒక చేర్పు. పోటు వేళల పట్టిక నీటి ఎత్తునూ సమయాన్నీ చెబుతుంది గాని, నీరు ఎటు లాగుతుందో చెప్పదు. మన తీరం వెంట సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి సాగుతుంది. దీనికి చంద్రుడితో కాక గాలులతోనూ ఉప్పు తేడాలతోనూ సంబంధం. కాబట్టి వలలు వేసి పడవను వదిలితే, బారువ దగ్గర ఎదురుగా ఉన్న దీపస్తంభం గంటలో పక్కకు జరిగినట్టు కనిపిస్తే, అది పోటు పని కాకపోవచ్చు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సముద్ర స్థితి సూచనల్లో కెరటాల ఎత్తునూ ప్రవాహాన్నీ వేర్వేరుగా ఇస్తుంది. ఆ రెండింటినీ "పోటు" అనే ఒక్క మాటలోకి కుదించే అనువాదం నా దృష్టిలో తప్పే కాదు, ప్రమాదం కూడా. మా ఊరి తీరంలో ఒక బోర్డు మీద "పోటు అధికంగా ఉన్నది, వేటకు వెళ్ళరాదు" అని రాశారు. పోటు మీదే పడవలు లోపలికి వచ్చే చోట దాన్ని ఎవరు నమ్ముతారు? "కెరటాలు ఎత్తుగా ఉన్నాయి" అని మార్చమని అడిగాం. రంగు డబ్బా దొరికాక మారుస్తామన్నారు.