సిన్స్, ఫర్: హిందీ వాళ్ళకు ఈ తేడా ఎలా చెప్పాలి?

వాణి_బోడుప్పల్: మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళది గయ దగ్గర పల్లె. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. దానికి సాయంత్రాలు ఇంగ్లీష్ చెబుతున్నా. ఎన్నిసార్లు దిద్దినా 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అనే రాస్తోంది. హిందీలో 'దో సాల్ సే', 'సోమ్‌వార్ సే', రెండేళ్ళ నుంచి అన్నా సోమవారం నుంచి అన్నా 'సే' ఒక్కటే కదా. ఎలా విడదీసి చెప్పాలి? మంచి వర్క్‌బుక్ ఉన్నా చెప్పండి.

భోపాల్_మాస్టారు: పాప తప్పేమీ లేదమ్మా. హిందీ మీడియం కోచింగ్‌లలో ఒక సూత్రం రాయిస్తారు. 'నిశ్చిత్ సమయ్' అయితే సిన్స్, 'అనిశ్చిత్ సమయ్' అయితే ఫర్ అని. రెండేళ్ళు అంటే అనిశ్చితమా? వేళ్ళ మీద లెక్కపెట్టిన రెండేళ్ళు! ఆలోచించే పిల్ల తప్పు రాస్తుంది, బట్టీ పట్టిన పిల్ల ఒప్పు రాస్తుంది. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్. అంతే.

రవి_కటాఫ్: మాస్టారూ, ఆ సూత్రంతోనే నా బీహారీ రూమ్మేట్లు వాక్యంలో తప్పు పట్టే ఎర్రర్ స్పాటింగ్‌లో మార్కులు తెచ్చుకున్నారు. వారం పేరు, నెల పేరు, 2019 లాంటి సంవత్సరం కనిపిస్తే సిన్స్. అంకె పక్కన అవర్స్, ఇయర్స్ ఉంటే ఫర్. దీనికి ఇంత గొడవెందుకు?

భోపాల్_మాస్టారు: 'సిన్స్ చైల్డ్‌హుడ్' అని వస్తే? అందులో వారం ఎక్కడుంది, నెల ఎక్కడుంది?

రవి_కటాఫ్: అవి విడిగా గుర్తుపెట్టుకుంటాం. మీరు క్లాసులో ఉండి మాట్లాడుతున్నారు, మేము పరీక్ష హాల్లో ఉన్నాం.

భోపాల్_మాస్టారు: నా సర్వీసంతా హిందీ పిల్లల మధ్యే గడిచింది బాబూ. పరీక్ష దాటి ఇంటర్వ్యూకి వెళ్ళి నోరు విప్పగానే 'సిన్స్ టెన్ ఇయర్స్' అన్నవాళ్ళను చూశాను.

సుమ_ఫ్రాంక్‌ఫర్ట్: సిన్స్, ఫర్ తర్వాత సంగతి, అసలు చిక్కు క్రియలో ఉంది. 'రహ్ రహా హూఁ' (ఉంటున్నాను) వర్తమానం కాబట్టి 'ఐ యామ్ లివింగ్' వస్తుంది. ముందు 'హ్యావ్ బీన్' అలవాటు చేయండి. జర్మన్‌లో సోమవారానికీ రెండేళ్ళకీ 'జైట్' ఒక్కటే, క్రియ కూడా వర్తమానమే. మా క్లాసులో హిందీ వాళ్ళు, మనవాళ్ళు వెంటనే పట్టేశారు. ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్ళే తడబడ్డారు.

గోదారి_శర్మ: తెలుగు పిల్లలకు మంచి కిటుకు ఉంది. 'రెండేళ్ళుగా' అనగలం, 'సోమవారంగా' అనలేం. 'గా' అతికితే ఫర్, 'నుంచి' ఒక్కటే కుదిరితే సిన్స్. మనవాళ్ళు కూడా 'సిన్స్ టూ ఇయర్స్' అంటారంటే ఈ 'గా'ని ఎవరూ చూపించకపోవడమే కారణం.

వాణి_బోడుప్పల్: శర్మగారూ, బాగుంది కానీ పాపకు తెలుగు ఇంకా రాదు. హిందీలో చెప్పాలి.

నీలిమ_77: 'పిఛ్లే' (గత) పెట్టి చూడమనండి. 'పిఛ్లే దో సాల్ సే' అని కుదిరితే ఫర్.

భోపాల్_మాస్టారు: 'పిఛ్లే సోమ్‌వార్ సే' కూడా కుదురుతుందమ్మా. అక్కడ సిన్సే.

చార్మినార్_చాయ్: హిందీ వాళ్ళకు నిన్నా రేపూ రెండూ 'కల్'. కాలం సంగతి వాళ్ళకెలా ఎక్కుతుంది?

బనారస్_బహూ: ఇది చదివి చాలా బాధగా ఉంది. మాది బెనారస్, పెళ్ళై సికింద్రాబాద్ వచ్చాను, తెలుగు ఇక్కడే నేర్చుకున్నా. 'కల్' ఏ రోజో క్రియ చెబుతుంది, మాలో ఎవరూ తికమకపడరు. మీ హైదరాబాద్‌లో ఎప్పుడో జరిగినదాన్ని కూడా 'పర్సోఁ' (మొన్న) అంటారు, దానికి మేము ఎవరినీ వెక్కిరించలేదు. మీ పిల్లలు మా ఊరొచ్చి హిందీలో స్త్రీలింగం, పుల్లింగం కలిపేస్తే మేము ఓపిగ్గా సరిచేస్తాం.

చార్మినార్_చాయ్: పర్సోఁ జోలికి రాకండి! అది దక్కనీ, మా అమ్మమ్మ మాట.

బనారస్_బహూ: 'కల్' మా అమ్మమ్మ మాట.

వాణిగారూ, మా అబ్బాయికి నేను చెప్పింది ఇది. 'కిత్నే' లేదా 'కిత్నీ' (ఎన్ని, ఎంత) పెట్టి ప్రశ్న అడగమనండి. కిత్నే సాల్ సే? దో సాల్ సే. కిత్నీ దేర్ సే? బహుత్ దేర్ సే (చాలాసేపటి నుంచి). జవాబు వచ్చిందంటే ఫర్. 'సుబహ్ సే' (పొద్దుటి నుంచి), 'బచ్‌పన్ సే' (చిన్నప్పటి నుంచి) అన్నవి 'కిత్నే'కి జవాబు కావు, 'కబ్ సే', అంటే 'ఎప్పటి నుంచి'కే జవాబు. అవి సిన్స్. ఇంకొకటి, ఫర్ అంటే 'కే లియే' (కోసం) అని మాత్రమే మాకు నేర్పుతారు. అందుకే 'సే' ఉన్నచోట ఫర్ రాయాలని తోచదు. అది ముందే చెప్పండి.

భోపాల్_మాస్టారు: ఇది పక్కాగా ఉంది తల్లీ. 'కిత్నే' ప్రశ్నలో నిశ్చితం, అనిశ్చితం గోలే లేదు.

వాణి_బోడుప్పల్: పాపతో కూర్చుని చేయించాను. 'బహుత్ దినోఁ సే' (చాలా రోజుల నుంచి) అన్నదానికి అడక్కుండానే ఫర్ పెట్టింది! కానీ 'జబ్ సే పాపా ఆయే' (నాన్న వచ్చినప్పటి నుంచి) అని రాసి నా మొహం చూసింది.

రవి_కటాఫ్: 'సిన్స్ పాపా కేమ్'. ఈ అర్థంలో ఫర్ తర్వాత పూర్తి వాక్యం రాదు, సిన్స్ తర్వాత వస్తుంది. 'జబ్ సే' కనిపిస్తే కళ్ళు మూసుకుని సిన్స్ పెట్టమనండి.

వాణి_బోడుప్పల్: థాంక్స్ రవీ. వర్క్‌బుక్ పేరు ఎవరూ చెప్పలేదు.