సభ ‘నిరవధికంగా వాయిదా’ పడితే రద్దయినట్టా?

ప్రశ్న: లోక్‌సభ సమావేశాల చివరి రోజున ‘సభ నిరవధికంగా వాయిదా’ అని వేస్తారు. వాయిదా అంటేనే ఇంకో తేదీ ఉన్నట్టు కదా. అవధి లేని వాయిదా ఏమిటి? సభ రద్దయినట్టా?

రద్దు కాదండీ. కానీ సందేహం న్యాయమైనదే. ‘వాయిదా’ అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరింది, మూలంలో మాట ఇవ్వడమని అర్థం. అందుకే అప్పు వాయిదాకైనా కోర్టు వాయిదాకైనా తేదీ ఉండాల్సిందే. గొడవ మధ్య స్పీకర్ ‘మధ్యాహ్నం 2 గంటలకు వాయిదా’ అన్నా అంతే. ముందు ‘నిరవధిక’ చేరిస్తే, మళ్లీ ఎప్పుడో చెప్పకుండా ఆపారని. లాటిన్‌లో ‘సైనే డై’ అంటే కూడా రోజు లేకుండా అనే. కాస్త పెడసరమైన జోడీయే, అయినా స్థిరపడిపోయింది.

అసలు తేడా ఆ పని ఎవరు చేస్తారన్న దగ్గరుంది. వాయిదా స్పీకర్ చేతిలో పని. సమావేశాలను ముగించడం (పత్రికలు ‘ప్రొరోగ్’ అనే రాస్తాయి), సభను రద్దు చేయడం 85వ అధికరణం కింద రాష్ట్రపతి పేరిట, మంత్రిమండలి సలహాపై జరుగుతాయి. నిరవధిక వాయిదా తర్వాత, ప్రొరోగ్ కాకముందు, స్పీకరే మళ్లీ సభను పిలవొచ్చు. ప్రొరోగ్ అయ్యాక రాష్ట్రపతి పిలుపు రావాల్సిందే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు.

ప్రశ్న: మరి పెండింగ్ బిల్లుల సంగతి?

ప్రొరోగ్ అయినంత మాత్రాన బిల్లు పోదు. రద్దయితే లోక్‌సభలో ఉన్నవి పోతాయి, లోక్‌సభ ఆమోదించి రాజ్యసభకు పంపినవీ పోతాయి. రాజ్యసభలోనే పుట్టి, లోక్‌సభకు ఇంకా చేరకుండా అక్కడే పెండింగ్‌లో ఉన్న బిల్లు మాత్రం బతికి ఉంటుంది. ఇంకో విచిత్రం: సభ రద్దయినా స్పీకర్ పదవి వెంటనే పోదు. కొత్త లోక్‌సభ తొలి సమావేశానికి ముందు క్షణం దాకా ఉంటుంది. సభే లేదు, స్పీకర్ ఉన్నారు!

ప్రశ్న: ‘వాయిదా తీర్మానం’ అంటే సభను ఆపమని అడగడమేనా?

పేరు అలాగే ఉంది, ఉద్దేశం వేరు. ఆ రోజు అజెండా పక్కన పెట్టి, అత్యవసరమైన ఒక ప్రజా సమస్యపై చర్చించమని అడగడం. అభ్యంతరం వస్తే 50 మంది సభ్యులు లేచి నిలబడాలి, అప్పుడే అనుమతి. ఇందులో ప్రభుత్వాన్ని అభిశంసించే ఛాయ ఉంది కాబట్టి ఇది లోక్‌సభకే పరిమితం. మంత్రిమండలి జవాబుదారీ లోక్‌సభకే కదా.

అందుకే ‘రాజ్యసభలో వాయిదా తీర్మానం ఇచ్చిన ఎంపీలు’ అన్న హెడ్డింగ్ చూస్తే నాకు చిరాకు. అక్కడ ఇచ్చేది 267వ నిబంధన కింద, నిబంధనలను తాత్కాలికంగా పక్కన పెట్టి చర్చకు అవకాశమివ్వమనే నోటీసు. ‘267 నోటీసు’ అంటే సరిపోతుంది, అక్షరాలూ కలిసొస్తాయి.